శ్రవణభోగమా? శ్రవణభక్తియా?

పంచభూతాలలో ఆకాశానికి శబ్దం గుణం. ఆ గుణాన్ని గ్రహించే ఇంద్రియం శ్రోత్రం. కన్నుకు రెప్ప ఉంది, నాలుకకు పెదవుల కాపు ఉంది. చెవికి మాత్రం తలుపు లేదు. నిద్రలోనూ తెరిచే ఉంటుంది. నవవిధభక్తులలో ప్రథమస్థానం శ్రవణానిదే. వేదాంతసాధనలోనూ మననానికి, నిదిధ్యాసనానికి ముందు నిలిచేది శ్రవణమే. అయితే అదే చెవి పతనహేతువుల పట్టికలోనూ ఉంది. భాగవతం ఏకాదశస్కంధంలో అవధూత తన 24 గురువులను పేర్కొంటూ లేడిని కూడా గురువుగా ఎన్నుకున్నాడు. గానానికి వశమై వేటగానికి చిక్కిన ఆ మృగం వద్ద ఆయన నేర్చుకున్న పాఠం చెవి విషయంలో జాగ్రత్త. ఒకే ద్వారం గుండా పరీక్షిన్మహారాజు తరించాడు, లేడి మరణించింది. (ప్రసంగవశాత్తు ఒక మాట: తెలుగు భాగవతంలో ఆ ఏకాదశస్కంధం పోతనగారిది కాదు, వెలిగందల నారయ రచన. మన బమ్మెర పక్కనే ఉన్నవారు కూడా అప్పుడప్పుడు ఈ సంగతి మరచిపోతారు.)

ఈ రెండు అంచుల నడుమ చిక్కుకున్న ప్రశ్న ఒకటి బచ్చన్నపేటలో ఉంది. జనగామ నుండి చేర్యాల వైపు పోయే దారిలోని ఈ మండలకేంద్రంలో ఒక పాత పెంకుటింట ఒక గృహస్థు నివసిస్తున్నారు. వయస్సు 66. విద్యుత్తు శాఖలో మూడు దశాబ్దాలకు పైగా స్తంభాలెక్కి, తీగెలు లాగి, పదవీవిరమణ పొందినవారు. తండ్రి పౌరాణికుడు. కొడవటూరు సిద్ధేశ్వరుని గుట్టకు పోయినా, కొమురవెల్లి మల్లన్న జాతరకు పోయినా, నలుగురు కూర్చున్నచోట గజేంద్రుని మొర పద్యాలలో వినిపించనిదే ఆయన లేచేవారు కాదట. కుమారునికి ఆ కంఠం రాలేదు, ఆ ధారణ రాలేదు. వచ్చినది వినికిడి ఒక్కటే. ఆ వినికిడే పదవీవిరమణ తరువాత వ్యసనమయింది. వ్యసనం అనే పదం ఇక్కడ నిందకు వాడినది కాదు. ఆయన స్వయంగా తన అలవాటుకు పెట్టుకున్న పేరు అది.

సాయంసంధ్యలో దీపారాధన ముగిసిన పిదప తూర్పుగదిలో ఒక గంట. రెండు స్పీకర్లు, ఒక యాంప్లిఫయర్, ఒక రికార్డుప్లేయర్, ఒక క్యాసెట్ డెక్, గోడమేకుకు వేలాడే హెడ్‌ఫోన్. వీటిలో కొన్ని హైదరాబాదులో పాతసామాను అంగళ్లలో దొరికినవి, ఒకటి అమెరికాలోని కుమారుడు పంపినది. గది గురించి ఒక మాట చెప్పాలి. ఇప్పటి స్లాబు ఇళ్లలో నున్నని సిమెంటు గోడలకు తగిలి ధ్వని నలుదిక్కులా తిరుగుతుంది. పాడేవాని మాట మీద ఆ మాట నీడే పడుతుంటుంది. ఈయన ఇంటిది మందపు మట్టిగోడ. ఒక పక్క అటుకు నిండా పాత బొంతలు, మరొక పక్క తండ్రిగారి పుస్తకాలు. బొంత ధ్వనిని మింగుతుంది, పుస్తకాల వరుస దానిని చెదరగొడుతుంది. పట్టణాలలో వేలకు వేలు పోసి గోడలకు నురుగుపలకలు అంటించుకొనేవారికి లభించేది దాదాపు ఇదే.

ఆయనను వేధించే ప్రశ్న ఇది. సుప్రభాతం వింటున్నప్పుడు మనస్సు స్వామి మీద ఉందా, తంబురా మీటు ఎంత స్పష్టంగా వినిపిస్తోందన్న దాని మీద ఉందా? రెండవదే నిజమైతే దీపారాధన తరువాత చేసే ఆ గంట ఉపాసన కాదు, విషయభోగం. "రేపు పైన అడిగితే ఏమని చెప్పాలె?" అని ఆలయమంటపంలో కూర్చున్న పెద్దలనెల్లా ఆయన అడుగుతుంటారు. కొందరు నవ్వేస్తారు. నవ్వి వదిలివేయవలసిన ప్రశ్న కాదది.

శబ్దస్వభావం గురించి మన దర్శనాలు చేసిన వాదం ఎంత సూక్ష్మమైనదో ఇటువంటి గదిలో కూర్చుంటే బాగా బోధపడుతుంది. నైయాయికుల మతంలో శబ్దం అనిత్యం. పుట్టి, మరొక శబ్దాన్ని పుట్టించి, నశిస్తుంది. ఆ పరంపర చెవిదాకా ఎలా వస్తుందో చెప్పడానికి వారు రెండు దృష్టాంతాలు చూపారు. నీటిలో అల వెనుక అల సాగినట్లు అనేది వీచీతరంగన్యాయం. కదంబపు మొగ్గ ఒక్కసారిగా అన్ని దిక్కులకూ కేసరాలు విప్పినట్లు అనేది కదంబముకులన్యాయం. స్పీకరు ముందు కూర్చున్నవారికి ఈ దృష్టాంతాలు కళ్లముందు కదలాడుతాయి. మృదంగపు ఎడమవైపు మ్రోగే గంభీరధ్వని కదంబంలా గది అంతటా పరుచుకుంటుంది, ఎక్కడ కూర్చున్నా వినబడుతుంది. తాళాల మెరుపు, సకారపు ఊదు వంటి తారధ్వనులు అలా పరుచుకోవు. స్పీకరు ముఖం ఎటు తిరిగి ఉంటే అటే కిరణంలా పోతాయి. అందువల్లనే చిన్న స్పీకరు చెవి ఎత్తున, చెవి వైపు తిరిగి ఉండాలి.

మీమాంసకుల దారి వేరు. వారికి వర్ణం నిత్యం. కంఠతాల్వాదుల నుండి వెలువడే ధ్వని ఆ నిత్యవర్ణాన్ని వ్యక్తం చేసే సాధనం మాత్రమే. చీకటిగదిలో ఉన్న కుండను దీపం సృష్టించదు, చూపుతుంది. ఆ మతాన్ని అనుసరిస్తే యంత్రం కూడా ఒక వ్యంజకమే, దీపం వంటిదే. దీపం మసిబారితే కుండ వంకరగా కనిపించవచ్చు. అంతమాత్రాన కుండ వంకర కాదు. మంచి యంత్రం కావాలని కోరుకోవడం అంటే దీపపు చిమ్నీ తుడుచుకోవడమే. ఇంతవరకు దోషమేమీ లేదు. చిమ్నీ తుడవడమే జీవితమైపోయి కుండ వైపు చూపు పోకపోవడంలో దోషం ఉంది. ఈ అభిరుచి గలవారిలో అధికులు అక్కడే ఆగిపోతారు. ఒకే పాటలోని ఒకే పదిక్షణాలను పది యంత్రాల మీద పోల్చుకుంటూ, పాట చివరకు ఏమయిందో ఎరుగకుండా సంవత్సరాలు గడిపేవారున్నారు. వారు వింటున్నది గానం కాదు, యంత్రం.

బచ్చన్నపేట గృహస్థు కూడా ఆ ఊబిలో కొంతకాలం దిగినవారే. పదవీవిరమణ సొమ్ములో గణనీయభాగం మూడేళ్లలో నాలుగు యాంప్లిఫయర్లు మారడంలో కరిగింది. ఇల్లాలు నోరు తెరచి ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆయనను ఎక్కువగా కుదిపింది. నాలుగవ యాంప్లిఫయరు వచ్చిన నెలలో ఒకనాడు ఆమె పక్కింటి నుండి వందరూపాయలు బదులు తెచ్చుకోవడం చూశారు. ఆనాటి నుండి ఇంటికి కొత్తయంత్రం రాలేదు. కుమారుడు మరొక హెడ్‌ఫోన్ పంపుతానంటే వద్దన్నారు. ఖరీదైన తీగెలు మారిస్తే నాదం మారుతుందని ఎవరో చెప్పినప్పుడు మాత్రం ఆయన మొదటినుండీ నవ్వేవారు. ముప్పైఏళ్లు తీగెలతో బ్రతికినవారికి రాగి అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. తగినంత లావు ఉండి, బిగువుగా కలిపితే స్పీకరుకు మామూలు రాగితీగె చాలు.

ఆయనకు నిజంగా పనికివచ్చిన విద్య వేరొకటి. యాంప్లిఫయరు పెట్టిన కొత్తలో స్పీకర్ల నుండి ఎడతెగని గుయ్యిమనే నాదం వచ్చేది. మన కరెంటు క్షణానికి 50 సార్లు ఊగుతుంది. ఆ ఊగిసలాట, దాని రెట్టింపు అయిన 100, యంత్రంలోకి చొరబడితే తంబురా శ్రుతితో పొసగని మరొక శ్రుతి నిరంతరం మ్రోగుతుంటుంది. రెండు యంత్రాలకు రెండు వేరువేరు ఎర్తుదారులు ఉండి, వాటి నడుమ వలయం ఏర్పడడం వలన ఇది సాధారణంగా కలుగుతుంది. ఆయన పెరట్లో గుంత తవ్వి, బొగ్గు, ఉప్పు వేసి కొత్త ఎర్తు దింపి, యంత్రాలన్నిటినీ ఒకే ప్లగ్గుపెట్టెకు కలిపారు. గుయ్యి ఆగింది. వ్యవసాయపు మోటార్లు ఆగి, రాత్రి తొమ్మిది దాటిన తరువాత ఆ గదిలో నిశ్శబ్దం ఎలా ఉంటుందంటే, రికార్డు మీద ముల్లు దిగక ముందే గాయకుని రాక తెలిసినట్లుంటుంది. నగరంలో ఎంత ధనవంతుడైనా ఆ నిశ్శబ్దాన్ని కొనలేడు. గ్రామీణుడికి దేవుడిచ్చిన సంపద అది. దానిని మనం మైకులతో తగలేస్తున్నాం.

మైకు గురించి ఒక్క మాట. గుడి శిఖరానికి బాకా స్పీకరు కట్టి తెల్లవారకముందే సుప్రభాతాన్ని ఊరిమీద వదలడం సేవ అని చాలామంది అర్చకులు, ధర్మకర్తలు నమ్ముతారు. బాకా స్పీకరు నడిమిస్థాయి శబ్దాన్ని దూరం విసరడానికి పుట్టిన పరికరం. దానిలో కింది స్థాయి ఉండదు, పై స్థాయి ఉండదు, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి కంఠం కూడా రేకుడబ్బాలో గులకరాళ్లలా వస్తుంది. రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు బహిరంగప్రదేశాల్లో లౌడ్‌స్పీకరు వాడరాదని 2000 నాటి శబ్దకాలుష్య నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి. చట్టం మాట అటుంచినా, వినే ఇష్టం లేనివాని చెవిలో బలవంతంగా పోసినది శ్రవణం ఎలా అవుతుంది? శ్రవణానికి శ్రద్ధ కావాలి. శ్రద్ధను బాకాతో పంచలేము.

యంత్రం మన భక్తికి చేసిన ఉపకారం మాత్రం తక్కువ కాదు. భారతీయకంఠం రికార్డుకు ఎక్కడం 1902లో కలకత్తాలో గౌహర్‌జాన్ వంటివారితో మొదలైంది. ఆనాటి పళ్లెం ఒక వైపు మూడు నిమిషాలకు మించి పాడేది కాదు. రాగాలాపనను మూడు నిమిషాలకు కుదించడం గాయకులకు కొత్త తపస్సు. 1948లో నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే దీర్ఘనాదపు రికార్డు వచ్చాక ఒక్కొక్క వైపు ఇరవై నిమిషాలు పైబడింది. 1963లో సుబ్బులక్ష్మిగారి వేంకటేశ సుప్రభాతం అటువంటి రికార్డుగా వెలువడి, తిరుమల వెళ్లలేని ఇంటింటికీ బంగారువాకిలిని తెచ్చింది. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల వేంకటేశ్వరరావుగారు పరమపదించారు. ఆయన గానం చేసిన భగవద్గీత ఆ తరువాత జనంలోకి వచ్చింది. అందులో శ్లోకానికి ఒక స్వరం, తెలుగు తాత్పర్యానికి ఒక స్వరం. మామూలు రేడియోలో రెండూ ఒకే మనిషి ఒకే చోట నుండి చెప్పినట్లుంటాయి. మంచి హెడ్‌ఫోన్‌లో వింటే శ్లోకం తరువాత తాత్పర్యానికి వచ్చేటప్పుడు కంఠం ఎలా దిగుతుందో, ఊపిరి ఎక్కడ తీసుకుంటారో తెలుస్తుంది. అనారోగ్యంతో అలసిన శరీరం నుండి వచ్చిన ఊపిరి అది అని ఎరిగినవారికి ఆ గీత వేరుగా వినబడుతుంది.

రికార్డులను ప్రేమించడం భక్తికి విరోధం కానక్కరలేదనడానికి తెలుగువారిలో ప్రసిద్ధనిదర్శనం వి.ఎ.కె. రంగారావుగారు. మద్రాసులో ఉంటూ వేలాది గ్రామఫోను రికార్డులను సేకరించి, వాటిలోని పాటల పుట్టుపూర్వోత్తరాలను "ఆలాపన" శీర్షికతో తెలుగువారికి రాసినవారు. ఆయనే కార్వేటినగరం వేణుగోపాలస్వామి సన్నిధిలో నాట్యసేవ కూడా చేసినవారు. సేకరణ, సేవ ఒకే మనిషిలో కలహించకుండా ఉండవచ్చునన్నమాట.

ఇక హెడ్‌ఫోన్ సంగతి. 1910లో అమెరికాలో నథానియల్ బాల్డ్‌విన్ తన వంటగదిలో కూర్చి నౌకాదళానికి పంపిన పరికరంతో ఇది వాడుకలోకి వచ్చింది. 1958లో జాన్ కాస్ సంగీతం వినడానికి రెండు చెవులకు రెండు ధారలు అందించే హెడ్‌ఫోన్‌ను తెచ్చాడు. దీనిలో ఒక విచిత్రం ఉంది. స్పీకర్లలో వింటే గాయకుడు ఎదుట, రెండింటి నడుమ కూర్చున్నట్లు తోస్తుంది. హెడ్‌ఫోన్‌లో వింటే శిరస్సు లోపల కూర్చున్నట్లు తోస్తుంది. ఎడమ స్పీకరు ధ్వని కొంత కుడిచెవికీ, కుడిది ఎడమచెవికీ చేరడం వలన మనస్సు దూరాన్ని లెక్కగడుతుంది. హెడ్‌ఫోన్‌లో ఆ కలయిక లేదు గనుక దూరం తెలియదు. ధ్యానం చేసేవారిలో కొందరు ఈ అనుభవాన్ని అంతర్నాదంతో పోలుస్తుంటారు. ఆ పోలిక కూడదు. శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో ఆహతనాదాన్ని, అనాహతనాదాన్ని వేరుచేసి చెప్పాడు. శిరస్సు లోపల మ్రోగినట్లు తోచినంత మాత్రాన ఆహతం అనాహతం కాదు. పొర కొట్టుకుంటేనే కదా అది మ్రోగేది!

చెవిని పూర్తిగా కప్పివేసే హెడ్‌ఫోన్‌లు ఒక జాతి. వెనుకభాగం తెరిచి ఉండి లోపలిధ్వని బయటకు, బయటిధ్వని లోపలకు రానిచ్చేవి మరొక జాతి. రెండవజాతికి ఆద్యం 1968లో జర్మనీలోని సెన్‌హైజర్ సంస్థ చేసిన హెచ్.డి. 414. నాదం విశాలంగా, సహజంగా ఉంటుందని రసికులు తెరిచిన జాతినే మెచ్చుకుంటారు. బచ్చన్నపేట గృహస్థు మొదట మూసినదే వాడేవారు. ఒక వేసవి సాయంత్రం, జనగామ నుండి సెలవులకు వచ్చిన పన్నెండేళ్ల మనుమరాలు ఎదుటకు వచ్చి నిలబడి ఒక చెవి నుండి దానిని లాగేసింది.

"తాతా, అమ్మమ్మ ఎప్పటిసంది పిలుస్తున్నది. ఇనవడ్తలేదా?"

పెరట్లో ఇల్లాలు కాలు జారి బావిగట్టు దగ్గర కూర్చుండిపోయింది. దెబ్బ పెద్దది కాదు. కానీ అరగంట పిలిచింది. మరునాటి నుండి ఆయన మూసిన హెడ్‌ఫోన్‌ను పక్కనబెట్టి, కుమారుడు పంపిన తెరిచినదానిని వాడసాగారు. దానిలో పాటతోపాటు పెరట్లో చీపురు చప్పుడు, పాలు పొంగిన సవ్వడి, పిలుపు, అన్నీ వినబడతాయి. రసికులు దీనిని లోపం అంటారు. సన్న్యాసికి ఏకాంతం ధర్మం; గృహస్థు చెవి ఇంటికి తెరిచి ఉండాలి. శాస్త్రం హెడ్‌ఫోన్‌ల గురించి చెప్పకపోయినా ఈ విషయంలో దాని తీర్పు సందిగ్ధం కాదు.

చెవిని కాపాడుకోవడం కూడా ధర్మమే. శరీరం ధర్మసాధనం అన్నప్పుడు చెవి అందులో భాగం కాదా? లోపలిచెవిలో ధ్వనిని గ్రహించే రోమకణాలు కొన్ని వేలే. ఒకసారి నశిస్తే మనుష్యులలో అవి తిరిగి మొలవవు. 80 డెసిబెల్‌ల స్థాయిలో వారానికి 40 గంటలకు మించి వినవద్దని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచన. ఆ పైన ప్రతి 3 డెసిబెల్‌లకు కాలం సగమవుతుంది. భజనలో తాళాల పక్కన, ఉత్సవంలో డోళ్ల పక్కన, ఊరేగింపులో డీజే పెట్టెల పక్కన మన పిల్లలు ఎన్ని గంటలు నిలబడుతున్నారో తలచుకుంటే భయం వేస్తుంది. గృహస్థుకు వయోధర్మం చేత పై స్థాయిలు తగ్గాయి. పుట్టుకతో మనుష్యకర్ణం 20 నుండి 20,000 హెర్ట్జ్‌ల వరకు వింటుంది; పరీక్షలో ఆయనకు ఎనిమిదివేల పైన దాదాపు ఏమీ వినబడలేదు. "సగం చెవికి నిండు యంత్రమా?" అని మిత్రులు ఎగతాళి. అయితే మాటలోని ప్రాణమంతా ఆ ఎనిమిదివేల లోపే ఉంది. ఉన్న సగం చెడిపోకుండా చేరాలన్నదే ఆయన సమాధానం.

వేదాధ్యాయులకు ఈ విషయం మరింత దగ్గరిది. నేడు దూరవాణిలో సంథ చెప్పేవారు, చెప్పుకొనేవారు ఎక్కువయ్యారు. పాతపద్ధతి టెలిఫోను 300 నుండి 3,400 హెర్ట్జ్‌ల వరకే ధ్వనిని మోస్తుంది. శకార షకార సకారాల భేదం, మహాప్రాణాల ఊపిరి, వీటిలో పెద్దభాగం ఆ అంచుకు పైన ఉంటుంది. గురువు సరిగానే పలుకుతాడు. శిష్యునికి మూడూ ఒకటిగా వినబడతాయి. శిష్యుడు తప్పుగా పలుకుతాడు. గురువుకు ఆ తప్పు వినబడదు. ఇద్దరూ నిర్దోషులే, వర్ణం మాత్రం మారిపోయింది. తీగెలేని హెడ్‌ఫోన్లలోనూ ఒక మోసం ఉంది. పాట వింటున్నప్పుడు బాగుండే అదే పరికరం, మైకు పనిచేయడం మొదలుపెట్టగానే తక్కువస్థాయికి దిగిపోతుంది. సంథ చెప్పుకొనేవారు తీగె ఉన్న హెడ్‌ఫోన్, వేరుగా మైకు వాడడం మేలు. తైత్తిరీయంలోని శీక్షావల్లి వర్ణంతో, స్వరంతో, మాత్రతో మొదలుపెట్టి ఉచ్చారణకు ఎన్ని అంగాలు చెప్పిందో ఎరిగినవారు పరికరాన్ని నిర్లక్ష్యం చేయరు. ఇంత చేసినా గురుముఖానికి అది ప్రత్యామ్నాయం కాదు. యంత్రం ఎన్నిసార్లైనా చెబుతుంది, ఒక్కసారీ వినదు. విని దిద్దేవాడే గురువు.

ఆ గృహస్థు ప్రశ్నకు సమాధానం వాదంలో దొరకలేదు. ఒక క్యాసెట్టులో కొంత దొరికింది.

1986లో తండ్రిగారు గజేంద్రమోక్షం చదువుతుండగా ఇంటిలోని టూ-ఇన్-వన్ రేడియోలో పట్టిన 60 నిమిషాల క్యాసెట్టు అది. ఆ కంఠానికి మిగిలిన ఆధారం అదొక్కటే. నగరంలో ఒక స్టూడియోవారికి ఇచ్చి దానిని కంప్యూటరులోకి ఎక్కించారు. వారు టేపులోని ఇసుకరాలినట్లుండే రొదను యంత్రసహాయంతో తుడిచి, శుభ్రమైన ప్రతిని ఇచ్చారు. పద్యం నిర్మలంగా వచ్చింది. అయినా తండ్రి నోట సకారం సకారంలా లేదని ఆయనకు అసంతృప్తి. డెక్ కొన్న తరువాత అసలు క్యాసెట్టును తామే మళ్లీ వేశారు. డెక్‌లో టేపును తాకే తల నిట్టనిలువుగా ఉండాలి. రికార్డు చేసిన యంత్రం తల రవ్వంత వాలి ఉంటే, వినిపించే యంత్రం తల కూడా అంతే వాలాలి. లేకపోతే తారధ్వనులన్నీ మాయమవుతాయి. గడియారాలు బాగుచేసే స్క్రూడ్రైవరుతో ఆయన తల పక్కన ఉన్న మరను వెంట్రుకవాసి తిప్పారు. మూగవోయిన పద్యం మీద తెర తొలగినట్లు శకారం, షకారం విడివడ్డాయి. రొద కూడా పెరిగింది, దానిని తుడవలేదు.

హెడ్‌ఫోన్ పెట్టుకొని పక్కన కూర్చున్న మనుమరాలు కొంతసేపటికి తల ఎత్తి, "తాతా, ఎవరో ముందుగాల చెప్తున్నరు. ఆడమనిషి," అన్నది.

ఆయనకు వినబడలేదు. అరవైఆరేళ్ల చెవి. ఆ చోట ధ్వని పెంచి, పై స్థాయి ఎత్తి, ఏడెనిమిది సార్లు వేసిన తరువాత వినబడింది. ఒక పద్యం ముగిసి మరొకదానికి పోయేముందు తండ్రి ఒక క్షణం ఆగుతారు. ఆ ఆగిన చోట గుసగుసగా ఒక స్త్రీకంఠం తరువాతి పద్యం తొలిమాటను అందిస్తుంది. తండ్రి ఆ మాటను అందుకొని పద్యం ఎత్తుకుంటారు. గంటసేపటి పఠనంలో అలా మూడుచోట్ల. ఆ కంఠం ఆయన తల్లిది. ఆమె బడి ముఖం ఎరుగదు. వేలిముద్రే వేసేది. పురాణం చెప్పినందుకు శాలువా కప్పించుకున్నది తండ్రి. ఆమె ఎప్పుడూ వెనుక కూర్చొని వత్తులు చేసుకుంటుండేది. పద్యాలు ఆమెకు కంఠస్థమని ఇంటిలో ఎవరికీ తెలియదు. ఆమె పోయి 21 ఏళ్లయింది.

ఇందులో అద్భుతం ఏదీ లేదు, కారణాలన్నీ లౌకికమే. గుసగుసలో నాదం ఉండదు, ఊపిరే ఉంటుంది. దాని బలమంతా పై స్థాయిల్లో ఉంటుంది. తల వాలిన డెక్ దానిని మింగింది. రొదను తుడిచిన యంత్రం గుసగుసను కూడా రొద అనుకొని తుడిచివేసింది. ఆనాటి టూ-ఇన్-వన్‌లో మాట ఆగినప్పుడు తనంతట తానే గ్రహణశక్తిని పెంచుకొనే ఏర్పాటు ఉండేది. ఆ ఏర్పాటు వల్లనే, తండ్రి ఆగిన ఆ క్షణంలో, పక్కనున్న తల్లి ఊపిరి టేపుకు ఎక్కింది. 1986 నుండి ఆ మాట అక్కడే ఉంది. ఎన్నడూ పుట్టనిది కాదు, నశించినదీ కాదు. వ్యక్తం కాలేదు, అంతే. మీమాంసకుని పక్షం ఎంత బలమైనదో తర్కంతో ఒప్పుకొననివారు ఇటువంటిచోట ఒప్పుకొనవచ్చు. నైయాయికుడు మాత్రం ఇప్పటికీ ఒప్పుకొనడు. ప్రతిసారీ కొత్తశబ్దమే పుట్టిందంటాడు. ఆయన వాదమూ తేలికది కాదు.

ఆ రాత్రి ఆయన ఇల్లాలిని పిలిచి హెడ్‌ఫోన్ ఆమె చెవులకు పెట్టారు. ఇన్నేళ్లలో అది ఆమె చెవికి ఎక్కడం మొదటిసారి. అత్తగారి గొంతు ఆమె వెంటనే గుర్తుపట్టింది. వత్తులు చేసేటప్పుడు అత్తగారు పెదవులు కదుపుతుండేదని, జపమనుకున్నానని చెప్పింది.

ఆ తరువాత ఆ గంట స్వరూపం మారింది. యంత్రాలు అవే, గది అదే. చుట్టుపక్కల ఊళ్ల నుండి అటుకల మీద, ట్రంకుపెట్టెల్లో పడి ఉన్న క్యాసెట్టులను జనం ఆయనకు తెచ్చి ఇస్తున్నారు. భజనమండలి ఏకాహాలు, ఊరి హరికథలు, మాణిక్యాపురం చుక్క సత్తయ్యగారి ఒగ్గుకథ రేడియోలో వస్తుండగా పట్టుకున్న పెట్టె ఒకటి, ఎవరి అమ్మమ్మో పాడిన బతుకమ్మ పాటలు. ఒగ్గుకథలో డోలు దెబ్బకు నాటి రికార్డరు మూగవోయి తేరుకొనే తీరు చూసి ఆయన నవ్వుకుంటారు. ప్రతి క్యాసెట్టుకూ మరను వేరుగా తిప్పాలి, ప్రతిదీ మొదటినుండి చివరిదాకా వినాలి, మధ్యలో లేవకూడదు. రొద తుడవరు. ఎవరి కుటుంబానిది వారికి ఇచ్చి, ఒక ప్రతి తన వద్ద ఉంచుకుంటారు. డబ్బు తీసుకోరు. విన్నంతసేపు తాను ఎలా ఉన్నాడో యంత్రం ఎలా ఉన్నదో తలపుకు రాదని, ఎదుటివారి ఇంటి గొంతు ఎక్కడ దాగి ఉందో అన్న వెదుకులాటే ఉంటుందని ఆయన అంటారు. భోగమా భక్తియా అన్న ప్రశ్న ఈ మధ్య ఆలయమంటపంలో అడగడం లేదు.

ఇంకా పదకొండు క్యాసెట్టులు మిగిలి ఉన్నాయి. వాటిలో రెండింటికి బూజు పట్టింది. ఒకదానికి టేపును తలకు నొక్కే చిన్న మెత్త ఊడిపోయింది. వానాకాలం తేమలో వాటిని తెరిస్తే మరింత అంటుకుంటాయని, కార్తికం దాకా బియ్యపుడబ్బాలో పెట్టి ఉంచారు.